కవికి కూడు పెట్టిందెవరు? రాజపోషణ, అంకితం, కృతిభర్త: తరచుగా అడిగే ప్రశ్నలు

పాత కావ్యాలు కొత్తగా చదువుతున్నవాళ్ళు, పోటీ పరీక్షలకు తయారవుతున్నవాళ్ళు, సొంత పుస్తకం అచ్చు వేసుకోబోతున్నవాళ్ళు మాటిమాటికీ అడిగే ప్రశ్నలివి. వరసగానే చదవాలని లేదు. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్ళిపోండి.

పోషణ అంటే దానమా, జీతమా?

రెండూ కాదు, రెండింటి వాసనా ఉంటుంది. దానం చేసినవాడు ఇచ్చి మర్చిపోతాడు. జీతమిచ్చేవాడు నెల తిరిగేసరికి పని లెక్క చూస్తాడు. పోషణలో ఒకవైపు నుంచి తిండి, బట్ట, పొలం, సభలో పీట వస్తాయి. ఇంకోవైపు నుంచి కావ్యమో, పాటో, ఆటో వస్తుంది. దాంతోపాటు ఇచ్చినవాడి పేరు నాలుగు కాలాలు నిలుస్తుంది. ఈ లెక్క ఎవరూ కాగితం మీద రాసుకోరు గానీ ఇద్దరికీ బాగా తెలుసు. ఎవరికి ఎక్కువ ముట్టిందంటే మాత్రం నా ఓటు ఇచ్చినవాడికే. అవచి తిప్పయ్య సెట్టి అనే వర్తకుణ్ణి ఇవాళ తలుచుకుంటున్నామంటే అది ఆయన వ్యాపారం చలవ కాదు, శ్రీనాథుడి పద్యం చలవ.

కృతి పుచ్చుకున్నవాణ్ణి ‘భర్త’ అనడమేమిటి?

కావ్యం కవికి కూతురు, అంకితం పుచ్చుకున్నవాడు అల్లుడు అన్న ఊహ మనవాళ్ళకు మొదటినుంచీ ఉంది. అందుకే రాసినవాడు కృతికర్త, పుచ్చుకున్నవాడు కృతిభర్త లేదా కృతిపతి. 13వ శతాబ్దిలో నెల్లూరు మనుమసిద్ధి కొలువులో ఉన్న తిక్కన, నిర్వచనోత్తర రామాయణం అవతారికలో ఈ ముచ్చట తనే చెప్పాడు. ‘నిన్ను మామా అని పిలుస్తున్నానే, ఆ పిలుపుకు తగ్గట్టుగా నీ భారతీకన్యకను నాకియ్యి’ అని రాజు అడిగాడట. సరసంగానే అడిగాడు గానీ, అడిగింది రాజు! తిక్కన ఇచ్చాడు.

మహాభారతం దగ్గరికి వచ్చేసరికి మాత్రం అదే తిక్కన రాజును పక్కనపెట్టి దేవుడైన హరిహరనాథుడికి అంకితమిచ్చాడు. ఇంకో తమాషా ఏమిటంటే, కేతన తన దశకుమారచరిత్రను ఈ తిక్కనకే అంకితమిచ్చాడు. మామగారు అల్లుడు కూడా అయ్యాడన్నమాట.

కావ్యం మొదట్లో రాజుగారి తాతముత్తాతల సోదంతా ఎందుకు? దాటేసి చదవొచ్చా?

కథ కోసమైతే నిక్షేపంగా దాటేయొచ్చు. కానీ పోషణ ఎలా నడిచిందో తెలియాలంటే చదవాల్సింది అదే. దాన్ని అవతారిక అంటారు. ముందు ఇష్టదేవతల స్తుతి, తర్వాత పూర్వకవుల స్తుతి, చాలాచోట్ల చెడ్డ కవుల మీద నాలుగు చురకలు ఉంటాయి. ఆ తర్వాత కృతిపతి సభ తీరి కూర్చుని కవిని పిలిచి ‘నాకో కావ్యం రాయి’ అని అడుగుతాడు. ఆపైన ఆయన వంశవర్ణన. చివర్లో ‘ఇటువంటివాడికి, అటువంటివాడికి’ అంటూ కృతిపతి విశేషణాలన్నీ ‘కి, కు’లతో ముగిసే పద్యాలు కొన్ని వస్తాయి. వాటిని షష్ఠ్యంతాలంటారు. కథ మొదలయ్యాక కూడా ప్రతి ఆశ్వాసం (అధ్యాయం) మొదట్లోనూ చివర్లోనూ కృతిపతిని ఓసారి పలకరించాల్సిందే.

అక్కడ చెప్పిన యుద్ధాలూ విజయాలూ అన్నీ నిజమని నమ్మొద్దు. ఊరిపేర్లు, బంధుత్వాలు, ఉద్యోగాలు మాత్రం తరచుగా శాసనాలతో సరిపోతాయి. చరిత్రకారులు అవతారికల మీద అంతగా ఆధారపడటానికి కారణం అదే.

రాజు అసలు ఏమిచ్చేవాడు? అక్షరలక్షలేనా?

నగదు కంటే భూమి ముఖ్యం. 11వ శతాబ్దిలో రాజరాజనరేంద్రుడు నందంపూడి గ్రామాన్ని నారాయణభట్టుకు అగ్రహారంగా ఇచ్చాడు. మహాభారతం తెలుగు చేయడంలో నన్నయకు తోడ్పడిన నారాయణభట్టే ఈయన. ఆ దానశాసనం కూర్చింది నన్నయ. స్నేహితుడికి దక్కిన ఊరికి పత్రం తనే రాసిపెట్టాడు!

అల్లసాని పెద్దన కృష్ణదేవరాయలు పోయాక చెప్పిన పద్యం ఒకటి అందరికీ తెలిసిందే. ఎదురైతే ఏనుగును ఆపి చేయి అందించి ఎక్కించుకున్నాడనీ, మనుచరిత్ర అందుకునే రోజు పల్లకి తన చేత్తో పట్టి ఎత్తాడనీ, కోకటం మొదలైన అగ్రహారాలు అడిగిన సీమల్లో ఇచ్చాడనీ వరసపెట్టి చెప్పి, ఆ రాయలతో పాటు పోలేక జీవచ్ఛవంలా బతికి ఉన్నానని ఏడుస్తాడు. ఆ పట్టీలో ఏనుగు అంబారీ, పల్లకి ఒక ఎత్తు. కోకటం ఒక ఎత్తు. అంబారీ మీద ఊరేగింపు ఒక పూట ముచ్చట. అగ్రహారం పిల్లల తరం దాకా అన్నం పెడుతుంది.

రోజువారీ సంగతులకు పెద్దనదే అని చెప్పే ఇంకో చాటుపద్యం (నోటి మాటగా నిలిచిన విడి పద్యం) చూడాలి. ఊరికే కృతి రాసెయ్యమంటే ఎలా కుదురుతుంది, ఏకాంతంగా ఉండే చోటు కావాలి, ప్రియమైన దూతిక తెచ్చిచ్చే కర్పూర తాంబూలం కావాలి, మనసుకు నచ్చిన భోజనం కావాలి, ఊయలమంచం కావాలి, తప్పొప్పులు తెలిసిన రసికులు కావాలి, ఊహ పసిగట్టగల మంచి లేఖకులూ పాఠకులూ దొరకాలి అంటాడు. తాంబూలం, ఊయల చూసి నవ్వుకుంటాం గానీ చివరి రెండూ చూడండి. తాటాకు మీద గంటంతో రాసేవాడు, రాసింది చదివి వినిపించేవాడు లేకపోతే అప్పట్లో పుస్తకమే లేదు. ఆ మనుషుల్ని పెట్టుకోవడానికి కవి సొంత డబ్బు ఎక్కడ చాలుతుంది!

పోషకుడు పోతే కవి గతేమిటి?

దీనికి శ్రీనాథుడి పేరు మీద ప్రచారంలో ఉన్న చాటువులే జవాబు. కొండవీటిలో విద్యాధికారిగా వెలిగి, విజయనగరంలో ప్రౌఢదేవరాయల సభలో డిండిమభట్టు అనే పండితుణ్ణి ఓడించి కనకాభిషేకం చేయించుకున్న మనిషి, చివరి రోజుల్లో కృష్ణ ఒడ్డున బొడ్డుపల్లెలో భూమి గుత్తకు తీసుకున్నాడట. పంట ఏటి పాలైంది. మిగిలిన నువ్వులూ పెసలూ పిట్టల పాలయ్యాయి. 700 టంకాలు (నాణేలు) కట్టలేక రచ్చలో శిక్ష అనుభవించాడు.

ఇంకో పద్యంలో పోయిన పోషకులందర్నీ పేరుపేరునా తలుచుకుంటాడు. వీరారెడ్డి కాశీ విశ్వేశ్వరుడిలో కలిశాడు, రత్నాంబరాలు ఇక ఎవరిస్తారు? తెలుంగురాయుడు లేడు, కస్తూరి ఎవర్ని అడగను? విస్సనమంత్రి లేడు, బంగారు పళ్ళెంలో అన్నం ఎవరి పంక్తిన దొరుకుతుంది? మైలారుడు వెళ్ళిపోయాడు, దినవెచ్చం ఎవరు తీరుస్తారు? నాకు ఈ పద్యంలో బంగారు పళ్ళెం కంటే దినవెచ్చమే గుచ్చుకుంటుంది. కనకాభిషేకం జరిగినవాడికీ ఆ పూట ఉప్పూపప్పూ ఎవరో ఒకరు చూడాల్సిందే. ఈ పద్యాలు అచ్చంగా ఆయనవేనా అన్న చర్చ ఎలా ఉన్నా, ఆ రోజుల్లో కవి బతుకు ఎంత సన్నటి తాడు మీద నడిచిందో అవి చెప్పినట్టు ఇంకేదీ చెప్పదు.

డబ్బిచ్చినవాడు చెప్పినట్టల్లా రాయాలా?

వస్తువు ఎంపికలో వాళ్ళ మాట సాగేది. పాండవులు మా చంద్రవంశం వాళ్ళే, వాళ్ళ కథ వినాలని ఉంది అని రాజరాజనరేంద్రుడు అడిగాడని నన్నయే చెప్పాడు. భారతం తెలుగులోకి రావడం వెనక రాజుగారి ఇంటి గొప్ప కూడా ఉందన్నమాట. కానీ కథలోకి దిగాక కవి స్వతంత్రుడు. మనుచరిత్రలో హిమాలయాల్లో దారితప్పిన ప్రవరుడి బెంగకూ, వరూధిని కోరికకూ రాయల రాజకీయంతో ఏం సంబంధం?

ఒక్కోసారి పోషకుడి పట్టుదలే మంచి పని చేయిస్తుంది. ఉత్తరాంధ్రలోని విజయనగరం సంస్థానం మహారాజు ఆనంద గజపతి, విశాఖపట్నం జిల్లాలో బ్రాహ్మణ ఇళ్ళలో జరిగిన కన్యాశుల్కం పెళ్ళిళ్ళ (పిల్లకు వెల పుచ్చుకుని చేసే పెళ్ళిళ్ళ) పట్టిక తయారు చేయించాడు. మూడేళ్ళకు 1034 పెళ్ళిళ్ళు తేలాయని గురజాడ తన ముందుమాటలో రాశాడు. ఆ దురాచారం మీద గురజాడ రాసిన కన్యాశుల్కం నాటకం 1892లో ఆడారు, 1897లో అచ్చువేసి ఆ మహారాజుకే అంకితమిచ్చారు. అందులో గిరీశం నోటి మాటలు మాత్రం ఏ మహారాజూ చెప్పి రాయించినవి కావు.

అష్టదిగ్గజాలు అందరూ కృష్ణదేవరాయలకే అంకితమిచ్చారు కదా?

లేదు. పరీక్షల్లో తప్పు పెట్టేది ఇక్కడే. మనకు దొరికినవాటిలో పెద్దన మనుచరిత్ర, నంది తిమ్మన పారిజాతాపహరణం రాయలవి. మల్లన రాజశేఖర చరిత్ర నాదెండ్ల అప్పామాత్యుడికి, తెనాలి రామకృష్ణుడి పాండురంగ మాహాత్మ్యం విరూరి వేదాద్రికి, రామరాజభూషణుడి వసుచరిత్ర తిరుమలరాయలకు, పింగళి సూరన కళాపూర్ణోదయం నంద్యాల కృష్ణమరాజుకు దక్కాయి. ధూర్జటి కాళహస్తీశ్వరుడికే ఇచ్చుకున్నాడు. రాయలు కూడా ఆముక్తమాల్యదను వేంకటేశ్వరుడికి సమర్పించాడు.

రాజులూ మంత్రులూ తప్ప ఇంకెవరూ పోషించలేదా?

ముందు చెప్పిన తిప్పయ్య సెట్టినే తీసుకోండి. హరవిలాసం ఆయనకు అంకితం. సింహళం ఏనుగులు, హురుముంజి గుర్రాలు, గోవ పునుగు, భోట దేశపు కస్తూరి, చీనాంబరాలు ఓడల మీద తెప్పించినవాళ్ళని ఆ ఇంటివాళ్ళను పొగిడాడు శ్రీనాథుడు. స్తోత్రంగా రాసిన ఆ సీసపద్యం ఇవాళ రెడ్డిరాజుల కాలం నాటి సముద్ర వ్యాపారానికి సాక్ష్యం.

గోల్కొండ సుల్తాను ఇబ్రహీం కుతుబ్‌షాకు అద్దంకి గంగాధరకవి తపతీసంవరణోపాఖ్యానం ఇచ్చాడు. మనవాళ్ళు ఆ సుల్తానును మల్కిభరాముడని ముద్దుగా పిలుచుకున్నారు. అచ్చతెలుగులో మొదటి కావ్యమైన యయాతి చరిత్రను పొన్నికంటి తెలగన్న పటాన్‌చెరు అమీన్‌ఖానుకు ఇచ్చాడు. సంస్కృత సమాసాలు లేని తెలుగు కావ్యానికి కృతిభర్త ఒక ఖానుగారు!

ఆడవాళ్ళ సంగతికొస్తే, తంజావూరు విజయరాఘవ నాయకుడి కొలువులో కవయిత్రి రంగాజమ్మ కనకాభిషేకం అందుకుంది. ఇచ్చే స్థానంలో నిలబడ్డ మనిషి బెంగుళూరు నాగరత్నమ్మ. తను పాడి సంపాదించిన డబ్బుతో 1920లలో తిరువయ్యారులో త్యాగరాజుకు సమాధి మందిరం కట్టించింది. అక్కడి ఆరాధనలో ఆడవాళ్ళను పాడనివ్వని రోజులవి.

రాజుల్ని కాదన్న కవుల మాటేమిటి? పోతన, అన్నమయ్య, త్యాగయ్య?

పోతన భాగవతాన్ని రాజులకిచ్చి ఊళ్ళూ వాహనాలూ సొమ్ములూ పుచ్చుకోనని చెప్పి రాముడికిచ్చాడు. సాళువ నరసింహరాయలు తన మీద శృంగార కీర్తన చెప్పమంటే అన్నమయ్య ఒప్పుకోలేదనీ, సంకెళ్ళు వేయించాడనీ మనవడు చిన్నన్న రాశాడు. ధూర్జటి అయితే రాజులు మత్తులు, వాళ్ళ సేవ నరకప్రాయం అని కుండ బద్దలు కొట్టాడు. ఆయనేమో రాయల సభ చూసినవాడని చెబుతారు.

వీళ్ళ మీద గౌరవం ఉంది గానీ, ‘పోతన మంచివాడు, శ్రీనాథుడు ఆశపోతు’ అనే బడిపుస్తకం తీర్పు నాకు నచ్చదు. రాజును వద్దన్నవాడికీ ఏదో ఒక ఆసరా ఉండాలి. పోతనకు పొలం ఉందంటారు. అన్నమయ్య ఇంటివాళ్ళైన తాళ్ళపాక వారి కీర్తనలు వేల సంఖ్యలో రాగిరేకులకెక్కాయంటే ఆ రాగికీ, చెక్కినవాళ్ళ కూలికీ ఖర్చు పెట్టిన చెయ్యి ఒకటి ఉంది. గుడి కూడా పెద్ద పోషకురాలే. త్యాగయ్య రాజసభ వద్దన్నాడు, ఉంఛవృత్తితో వీధిలో పాడుకుంటూ వెళ్ళాడు. ఆయన పాత్రలో గుప్పెడు బియ్యం పోసిన ప్రతి ఇల్లాలూ ఆ సంగీతానికి పోషకురాలే.

ఊళ్ళలో ఆడి పాడే కళాకారులకు ఎవరు దిక్కు?

ఇక్కడ రాజు ఊసే ఉండదు. కులమే పోషకుడు. తెలంగాణలో ఈ ఏర్పాటు చాలా గట్టిది. మాదిగలకు చిందువాళ్ళు యక్షగానం ఆడతారు, డక్కలివాళ్ళు జాంబపురాణం చెబుతారు. పద్మశాలీలకు కూనపులివాళ్ళు పటం పరిచి మార్కండేయ పురాణం చెబుతారు. ఆ పటాలు గీసేది చేర్యాల నకాషీ చిత్రకారులు. ఏ కుటుంబం ఏయే ఊళ్ళలో అడగాలో వాళ్ళలో వాళ్ళకు పంపకం ఉంటుంది. దాన్ని మిరాశి అంటారు. ఒకరి మిరాశి ఊళ్ళో ఇంకొకరు ఆడితే పంచాయితీయే. మిరాశి ఊరికి వెళ్ళినప్పుడు అడిగేది బిచ్చం కాదు, హక్కు. ఇవ్వనంటే ఊళ్ళోనే నిలబడి నిలదీస్తారు.

ఈ లెక్కలో కళాకారుడూ పోషకుడూ ఇద్దరూ పేదవాళ్ళే. రాజపోషణ గురించి ఇన్ని పుస్తకాలు రాసినవాళ్ళం దీన్ని ఎప్పుడో గానీ పట్టించుకోలేదు.

హరికథల్లో, బుర్రకథల్లో, పౌరాణిక నాటకాల్లో చదివింపులు ఇంకో పద్ధతి. కథ మంచి పట్టులో ఉండగా హార్మోనియం ఆగుతుంది. ఫలానా ఊరి ఫలానావారు పది రూపాయలు చదివించారని దాసుగారు పేరు చెప్పి దీవించి, మళ్ళీ ద్రౌపది దగ్గరికి వస్తాడు. అంతసేపూ ద్రౌపది ఆగాలి.

‘వారాలు చేసుకుని చదువుకున్నారు’ అంటారే, అది కూడా పోషణేనా?

అచ్చంగా అదే. పేద విద్యార్థి సోమవారం ఒకరింట్లో, మంగళవారం ఇంకొకరింట్లో తింటూ చదువు గడిపేవాడు. ఇంటింటికీ వెళ్ళి అన్నం అడిగి తెచ్చుకోవడం మధుకరం. విజయనగరం సంగీత కళాశాల 1919లో మహారాజు పెట్టినది, ఆదిభట్ల నారాయణదాసు దానికి మొదటి అధ్యక్షుడు. అంత పెద్ద సంస్థానం కాలేజీలో చదువుకోవడానికి వచ్చిన ఘంటసాల కొంతకాలం మధుకరంతోనే పొట్ట నింపుకున్నాడు. పాట నేర్పింది మహారాజు కాలేజీ, అన్నం పెట్టింది వీధిలో ఇళ్ళు.

జమీందార్లు ఏం చేశారు?

విజయనగరం సంగతి చెప్పాను. మాక్స్ ముల్లర్ ఋగ్వేదం రెండో ముద్రణకు డబ్బిచ్చింది కూడా ఆనంద గజపతే. పిఠాపురం రాజా సూర్యారావు ఖర్చుతో, జయంతి రామయ్య పంతులు పూనికతో సూర్యరాయాంధ్ర నిఘంటువు మొదలైంది. 1936లో మొదటి సంపుటం వచ్చింది. పని పూర్తయ్యేసరికి జమీందారీలే లేవు. అదే పిఠాపురం కొలువులో కవి తమ్మన్న శాస్త్రి. ఆయన కొడుకు కృష్ణశాస్త్రి భావకవిత్వం వైపు నడిచి, సంస్థానం కవిత్వానికి దూరం జరిగాడు.

గద్వాల, వనపర్తి, ఆత్మకూరు సంస్థానాలకు పండితులు ఏటా వెళ్ళి సభలో విద్య చూపించి వార్షికాలు పుచ్చుకునేవారు. తిరుపతి వేంకట కవులు ఆ దారిలోనే అవధానాలు చేస్తూ తిరిగి, ఏనుగునెక్కామని దర్జాగా పద్యం చెప్పుకున్నారు.

సి.పి. బ్రౌన్‌ను పోషకుడు అనొచ్చా?

అనొచ్చు. తెలుగు మీద పని చేసిన ఈ ఇంగ్లీషు దొర కడపలో సొంత బంగళాలో పండితుల్ని పెట్టుకుని, జీతాలిచ్చి, చెదలు తింటున్న తాళపత్రాలకు ప్రతులు రాయించాడు. చేతిలో డబ్బు చాలక అప్పులు కూడా చేశాడు. పాత పోషకులు తమ పేరు మీద కొత్త కావ్యం అడిగారు, ఈయన పాతవి బాగుచేసి ఇమ్మన్నాడు. తేడా అంతే.

ఇదంతా ఎప్పుడు ఆగిపోయింది?

ఒక్కరోజులో ఆగలేదు. కోస్తాలో 1948 మద్రాసు ఎస్టేట్ల చట్టంతో జమీందారీలు, హైదరాబాదులో 1949లో జాగీర్లు పోయాయి. 1956 చట్టంతో ఆంధ్ర ప్రాంతంలో ఇనాములు, 1971లో రాజభరణాలు (మాజీ రాజులకు ప్రభుత్వం ఇచ్చే భత్యాలు) పోయాయి. అప్పటికే అచ్చుయంత్రం, పత్రికలు, సినిమా వచ్చి కవికి వేరే దారి చూపించాయి.

అంకితం కూడా మారింది. 1950లో వచ్చిన మహాప్రస్థానాన్ని శ్రీశ్రీ అంకితమిచ్చింది కొంపెల్ల జనార్దనరావుకు. పత్రిక నడిపి, పేదరికంలో చనిపోయిన స్నేహితుడు. ఇవ్వడానికి ఆయన దగ్గర ఏమీ లేదు, తీసుకోవడానికి ఆయనే లేడు.

రాజు పోయి ప్రభుత్వం వచ్చింది. మరి ఇప్పుడు?

ఆస్థానకవి పదవి రాష్ట్రంలో చాన్నాళ్ళు ఉంది. దాశరథి 1977 నుంచి ఆ పదవిలో ఉండగా 1983లో ప్రభుత్వం దాన్ని ఎత్తేసింది. 1957లో పుట్టిన ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీని రద్దు చేసిందీ ఆ ఏడాదే. పోషకుడు మారితే దినవెచ్చం ఆగడం శ్రీనాథుడి కాలంతో పోలేదన్నమాట. నా మట్టుకు నేను, ప్రభుత్వం కవికి బిరుదివ్వడం కంటే ఊరి గ్రంథాలయానికి ఏటా పుస్తకాలు కొనిపెట్టడం మేలంటాను.

రాజకీయాల్లో పోషణ అంటే ఇదేనా?

వేళ్ళు ఒకటే. అండ చూపించడం, బదులుగా విశ్వాసం అందుకోవడం. మనం రోజూ చూసే రూపాలు సిఫారసు ఉత్తరం, పైరవీ, నామినేటెడ్ పోస్టు. తిరుమల బ్రేక్ దర్శనానికి ఎమ్మెల్యే లెటర్ కోసం తిరిగినవాళ్ళకు విడమరిచి చెప్పక్కర్లేదు. ఒక్క తేడా చూడండి. కవిని పోషించినవాడు సొంత ఖజానా అనుకున్నదాంట్లోంచి ఇచ్చాడు. ఇక్కడ ఇచ్చేది మన హక్కులోంచే తీసి మనకిస్తారు, పైగా మనచేత థాంక్స్ చెప్పించుకుంటారు.

ఆహ్వాన పత్రికల్లో ‘మహారాజ పోషకులు’ అని వేస్తారే, వాళ్ళెవరు?

చందా ఎక్కువ కట్టినవాళ్ళు. సాహిత్య సంస్థలు, పత్రికలు చందాదారుల్ని పోషకులు, రాజపోషకులు, మహారాజపోషకులు అని మెట్లు కడతాయి. రాజభరణాలు పోయినా ఈ రాజరికం మాత్రం చెక్కుచెదరలేదు. అమెరికా తెలుగు సంఘాల సభల్లో కూడా దాతలకు ముందు వరస కుర్చీ, వేదిక మీద శాలువా తప్పవు.

నా పుస్తకం అచ్చు వేస్తానని ఒకాయన ముందుకొచ్చారు. అంకితం ఆయనకే ఇవ్వాలా?

ఇవ్వాలని రూలేమీ లేదు. అచ్చు ఖర్చు పెట్టినవారికి ‘ముద్రణకు సహకరించినవారు’ అని లోపలి పేజీలో కృతజ్ఞత చెప్పి, అంకితం మీ అమ్మగారికో గురువుగారికో ఇచ్చుకోవచ్చు. ఆయన మనసులో అంకితం మీద ఆశ ఉందేమో ముందే కనుక్కోండి. మొహమాటపడి ఊరుకుంటే పుస్తకం ప్రెస్సుకు వెళ్ళే రోజున టెన్షన్. ఎన్ని కాపీలు వేస్తారు, ఆయనకు ఎన్ని, మీకు ఎన్ని, అమ్మిన డబ్బు ఎవరికి, రెండో ముద్రణ హక్కు ఎవరిది, ఇవన్నీ ఒక కాగితం మీద రాసి ఇద్దరూ సంతకం పెట్టండి. ఆవిష్కరణ సభ ఖర్చు అచ్చు ఖర్చులోకి వస్తుందా రాదా అన్నది కూడా అందులోనే రాయండి. ఎక్కువ పేచీలు వచ్చేది హాలు అద్దె, శాలువాలు, టిఫిన్ల దగ్గరే.